గుర్రం పొట్ట కింది నూగు

సేత్ అక్రాయిడ్ కన్ను మీద ఇంగ్లండులోని హాలిఫాక్స్ ఊళ్ళో ఎవరికీ అనుమానం లేదు. అక్రాయిడ్‌కి అసలే లేదు.

పద్నాలుగో ఏట బడి మానేసి ఉన్ని మిల్లులో ఏరేవాళ్ళ బల్ల దగ్గర చేరాడు. నలభై ఒక్క ఏళ్ళు అదే బల్ల. గొర్రె బొచ్చు గుప్పెడు చేతికిస్తే చాలు, భుజం మీదిదా తొడ మీదిదా, ఏ కొండ మీద ఏ గడ్డి తిన్న గొర్రెదా అని కళ్ళు మూసుకుని చెప్పేవాడు. ఉన్ని ఏరే గదికి కిటికీలు ఉత్తరానికి తప్ప ఇంకో దిక్కుకి పెట్టరు. ఎండ ముఖస్తుతి చేస్తుంది, దీపం చాడీలు చెబుతుంది, ఉత్తరపు వెలుగు ఒక్కటే ఉన్నదున్నట్టు చూపిస్తుందని అక్కడి పాత మేస్త్రీల మాట. ఆ మాటని అక్రాయిడ్ నాణేల దగ్గరికి తెచ్చుకున్నాడు. ఊరి నాణేల సంఘంలో మిగతావాళ్ళు బల్లదీపం వేసుకుని భూతద్దం పెట్టి నాణెం చూస్తుంటే, తను మాత్రం దాన్ని అంచులు పట్టుకుని కిటికీ దగ్గరికి నడిచేవాడు.

ఆ ఏడు, అంటే 1978లో, ఈస్టరుకి ముందు మిల్లు మూసేశారు. పోతూ పోతూ తలా ఒక గోడ గడియారం చేతిలో పెట్టి పంపారు. "టైముకి వెళ్ళాల్సిన చోటు పీకేసి, టైము చూసుకోమని గడియారం ఇచ్చారు మహానుభావులు," అని అక్రాయిడ్ దాన్ని మెట్ల కింద పడేశాడు. తర్వాత పని వెతుక్కోడానికి లేబర్ ఆఫీసుకి వెళితే, అక్కడ కూర్చున్న ఇరవై రెండేళ్ళ అమ్మాయి, "ఉన్ని కాక ఇంకేం వచ్చు మీకు?" అని అడిగింది. "వెండి చూడ్డం వచ్చు," అన్నాడు. ఆమె ఫారంలో ఇతర అర్హతలు అన్నచోట అడ్డంగా గీత గీసింది.

ఆ గీత చెరిపేసే మనిషి మే నెల మొదటి శనివారం నాడు లీడ్స్ నుంచి వచ్చాడు. పేరు పెల్హమ్. నాణేల వేలం కంపెనీ ఆయనది. వాళ్ళ దగ్గర నాణెం ఎంత అరిగిందో చూసి కేటలాగుకి గ్రేడులు రాసే ముసలాయనకి కళ్ళలో పొరలు వచ్చి పని మానేశాడు. ఆ కుర్చీలో కూర్చోడానికి మనిషి కావాలి. హాలిఫాక్స్ నాణేల సంఘంలో ఒక పుస్తకం ఉందనీ, అందులో తీర్పులు రాసి సంతకాలు పెడతారనీ విని, పోయిన నెల వచ్చి ఆ పుస్తకం మొత్తం తిరగేసి వెళ్ళాడు. ఆరువందల పైచిలుకు తీర్పుల్లో నాలుగువందలు అక్రాయిడ్ సంతకాలే. ఒక్క కొట్టివేత లేదు.

కొట్టివేత గురించి ఇక్కడే చెప్పాలి. సంఘం ప్రతి నెలా మొదటి శనివారం మధ్యాహ్నం రెండింటికి, చర్చి వెనకాల సండే స్కూలు గదిలో కూడుతుంది. ముందు కాగితం, తర్వాత నోరు. అదీ వాళ్ళ పద్ధతి. పచ్చటి బనాతు పరిచిన పళ్ళెంలో నాణెం తిరుగుతుంది. ఎవరిదో చెప్పరు. చూసినవాడు చీటీ మీద తన గ్రేడు రాసి, మడిచి, నెల్లీ బార్‌స్టో మొగుడి టోపీలో వేస్తాడు. మొగుడు పోయి పదేళ్ళయినా టోపీ మాత్రం సంఘంలో సభ్యుడే. చీటీలు విప్పాక వాదన. వాదనలో నెగ్గినవాడు పుస్తకంలో తీర్పు రాసి సంతకం పెడతాడు. రాసిన తీర్పుని మార్చే హక్కు సెక్రటరీకి లేదు, ఓట్లకి లేదు. సంతకం పెట్టినవాడే నలుగురి ముందూ లేచి నిలబడి తన చేత్తో తను కొట్టెయ్యాలి. ఇరవై ఆరేళ్ళుగా ఒక్కడూ కొట్టలేదు. తప్పులు లేక కాదు. నిలబడే మొగాడు లేక.

"ఇద్దరి పేర్లు నా మనసులో ఉన్నాయి," అని పెల్హమ్ టీ కప్పు పట్టుకుని మర్యాదగా చెప్పాడు. "మిస్టర్ అక్రాయిడ్ గారు, మిస్టర్ ఇబట్సన్ గారు. ఈ రోజు చూసి తేల్చుకుంటాను."

క్లెమెంట్ ఇబట్సన్ సంఘం సెక్రటరీ. గ్రామర్ స్కూల్లో చరిత్ర చెబుతాడు. జూలైలో రిటైరవుతున్నాడు. చెడ్డవాడేం కాదు. పుస్తకాల్లో చదివింది లోకంలో కనపడకపోతే లోకాన్నే అనుమానిస్తాడు, అంతే.

"నువ్వొస్తావనే అనుకున్నా సేత్," అన్నాడు ఇబట్సన్. "టై కూడా కట్టావే! ఎవరైనా పోయారా?"

"ఇంకా లేదు. సాయంత్రం దాకా టైముంది మీకు."

నెల్లీ టీ బాయిలర్ పక్కనుంచి పకపక నవ్వింది. ఆవిడ మూడు పెన్నీల బిళ్ళలు తప్ప ఇంకేమీ పోగు చెయ్యదు. కానీ సంఘంలో ఎవరి బండారం ఏ డబ్బాలో ఉందో ఆవిడకి తెలుసు. "టై సంగతి వదిలెయ్, ముందు ఆ అల్లం కేకు తిను. ఆకలి కన్ను అన్నిటికీ ఎక్కువ గ్రేడు ఇస్తుంది," అంది.

అక్రాయిడ్ కేకు తీసుకోబోతూ తలుపు వైపు చూశాడు. చివరి బెంచీ మీద, గోడకి ఆనుకుని, టోపీ తియ్యకుండా ఒక ముసలాయన కూర్చున్నాడు. ఎనభై దాటినవాడు. రంగుల తొట్టెల్లో నలభై ఏళ్ళు ముంచిన చేతులు, గోళ్ళ చుట్టూ ఇంకా నీలిరంగు పోనివి, మోకాళ్ళ మీద పెట్టుకుని ఎదురుగా చూస్తున్నాడు.

ఈనక్ లంబ్. పంతొమ్మిదేళ్ళ తర్వాత.

అక్రాయిడ్ చెయ్యి కేకు దగ్గరే ఆగింది. గదిలో లంబ్‌ని ఎరిగినవాళ్ళు తనూ నెల్లీ, ఇద్దరే. మిగతావాళ్ళందరూ తర్వాత చేరినవాళ్ళు. నెల్లీ వైపు చూశాడు. ఆవిడ చూపు తిప్పుకుని కప్పులు తుడుస్తోంది.

మొదట ఒక జార్జి షిల్లింగు తిరిగింది. తర్వాత ఒక విక్టోరియా ఫ్లోరిన్, అంటే రెండు షిల్లింగుల బిళ్ళ. రెండిట్లోనూ అక్రాయిడ్ మాటే నెగ్గింది. పెల్హమ్ తల ఊపుతూ చిన్న నోటుబుక్కులో ఏదో రాసుకున్నాడు. మూడోది పళ్ళెంలో పడ్డ చప్పుడు వినగానే అది క్రౌను, ఐదు షిల్లింగుల పెద్ద వెండి బిళ్ళ అని అక్రాయిడ్‌కి తెలిసిపోయింది. ఏ క్రౌనో కూడా తెలిసిపోయింది.

పళ్ళెం తన దగ్గరికి వచ్చింది. 1902. ఎడ్వర్డ్ రాజు పట్టాభిషేకం ఏడు. ఒకవైపు రాజు బోడి తల, రెండోవైపు గుర్రం మీద సెయింట్ జార్జి, కాళ్ళ కింద డ్రాగన్. రాజు బుగ్గ నిగనిగా మెరుస్తోంది. గడ్డం అరిగి నున్నగా ఉంది. చెవి పైన జుట్టు ఆనవాలు లేదు. గుర్రం పిర్ర, సెయింట్ జార్జి తొడ గిన్నె అడుగులా తళతళలాడుతున్నాయి. గుంటల్లో, అక్షరాల సందుల్లో నల్లటి జేబు మురికి. గుర్రం తోక కింద అంచు మీద ఒక చిన్న నొక్కు. ఆ నొక్కుని పంతొమ్మిదేళ్ళుగా అక్రాయిడ్ మర్చిపోలేదు.

1959లో ఇదే గదిలో, ఇదే నాణెం చూసి పుస్తకంలో రాసింది తనే. మామూలు క్రౌను, పాలిష్ పెట్టారు, ఫైన్. ఫైన్ అంటే పేరుకి గొప్పే గానీ, నాణేల వాళ్ళ భాషలో బాగా అరిగిందని అర్థం. ఆ రోజు లంబ్ లేచి, "ఇది మామూలుది కాదయ్యా, ప్రూఫు. మిల్లు తగలబడినప్పుడు మా నాన్న ముగ్గురు ఆడపిల్లల్ని బయటికి లాగాడని యజమాని ఆ ఏటి నాణేలన్నీ ఎర్రతోలు పెట్టెలో పెట్టి ఇచ్చాడు. కరువు రోజుల్లో మిగతావన్నీ ఖర్చయిపోయాయి. ఇదొక్కటి మిగిలింది," అన్నాడు. ముప్పై ఆరేళ్ళ అక్రాయిడ్ నవ్వాడు. "ప్రూఫు ఇలా మెరవదు పెద్దాయనా. దీనికి ఎవరో గుడ్డ పెట్టి బాగా సేవ చేశారు," అన్నాడు. గదంతా నవ్వింది. ఆ నవ్వు గదిలో ఆగలేదు. రంగుల షెడ్డుకి పాకింది, సారా కొట్టుకి పాకింది. పాలిష్ లంబ్ అని పేరు పడింది. గ్లాసు తడిగా ఉంటే, "లంబూ, దీన్ని కూడా కాస్త రుద్దిపెట్టు," అనేవాళ్ళు. మెరుగుపెట్టిన నాణెంతో పాటు తండ్రి కథ కూడా మెరుగుపెట్టిందే అయింది. లంబ్ మళ్ళీ సంఘం గడప తొక్కలేదు.

అసలు సంగతి ఏమిటంటే, ప్రూఫు అంటే సంతకి కాదు, చూపుకి కొట్టిన నాణెం. కొత్త అచ్చు మీద తీరుబడిగా, గట్టిగా కొడతారు. మామూలుగా ప్రూఫులు అద్దంలా ఉంటాయి. ఆ 1902లో మాత్రం టంకశాల వాళ్ళకి ఏం పుట్టిందో, అద్దం వద్దని అచ్చుల మీద ఇసుక కొట్టించి నాణేలు మసగ్గా దించారు. ద్రాక్షపండు మీద ఉంటుందే, అలాంటి పలచటి నూగు. ఇదేదో చిలుమనుకుని ఎన్నో ఇళ్ళల్లో ఇల్లాళ్ళు తోమి పారేశారు. అందుకే ఆ ఏటి నాణెం మెరిస్తే చాలు, తోమారు అనేస్తారు నాణేల వాళ్ళు. అందరూ చేసే తప్పే అది. చదువుకున్నవాళ్ళు మరీ ధీమాగా చేస్తారు.

అక్రాయిడ్ నాణెం పట్టుకుని కిటికీ దగ్గరికి నడిచాడు. బయట మబ్బు. ఉత్తరపు వెలుగు పాలలా పడుతోంది. ముందు అంచు చూశాడు. అంచు చుట్టూ ఉబ్బెత్తుగా ఉన్న లాటిన్ అక్షరాలు ఇంత అరుగుదలలోనూ ఉలితో చెక్కినట్టు నిటారుగా నిలబడి ఉన్నాయి. గట్టు మూల తిరిగిన చోట కత్తి అంచులా పదును. ఎంత అరిగినా పుట్టుక దాగదు. ఇంక చూడాల్సిందేమీ లేదు. చీటీ రాయడానికి పెన్సిలు తీశాడు.

మిగతావాళ్ళు ఏం రాస్తారో తెలుసు. తను కూడా అదే రాస్తే ఎవడికీ తెలియదు. పాత తీర్పు నిలుస్తుంది, లీడ్స్ కుర్చీ వస్తుంది. వెనక బెంచీ మీద ముసలాయన నోరు మూసుకుని ఇంటికి పోతాడు.

పెన్సిలు ఆగలేదు. రాశాడు, మడిచాడు, టోపీలో పడేశాడు.

ఇబట్సన్ ఒక్కొక్క చీటీ విప్పి చదివాడు. "మామూలు, పాలిష్ పెట్టారు, ఫైన్. మామూలు, పాలిష్. పాలిష్, ఫైన్. ఇది నాది, పాలిష్. నెల్లీది 'దీన్ని ఇలా రుద్దిన చేతులు విరగ', గ్రేడు లేదు." అందరూ నవ్వారు. ఆఖరి చీటీ విప్పి ఇబట్సన్ కళ్ళజోడు సర్దుకున్నాడు. "మసక ప్రూఫు. పాలిష్ లేదు. అరిగింది." తలెత్తాడు. "ఎవరిది?"

"నాదే," అన్నాడు అక్రాయిడ్.

"సేత్, రాజుగారి బుగ్గలో నా ముఖం కనపడుతోంది."

"అదే కదా భయంకరం."

నవ్వులు. పెల్హమ్ కూడా నవ్వాడు. ఇబట్సన్ మాత్రం పట్టు వదల్లేదు. "మసక ప్రూఫు అయితే మసక ఏదీ?"

"అరగని చోట వెతకాలి. జేబులో గుడ్డ రాజు బుగ్గని తాకుతుంది. గుర్రం పొట్ట కిందికి దూరుతుందా? తోమేవాడి గుడ్డ అయితే గుంటల్లోకి కూడా పోతుంది. అక్కడా మెరుపే ఉంటే మీ మాట నిజం. నూగుంటే నా మాట." అక్రాయిడ్ కోటు జేబులోంచి పాత పొగాకు డబ్బా తీశాడు. మూత తీస్తే దూదిలో ఒక చిన్న స్పిరిట్ సీసా, నాలుగు గులాబీ ముళ్ళు. "అయితే ముందు మురికి తియ్యాలి. నాణెం యజమాని ఒప్పుకోవాలి."

"నాణేన్ని ముట్టుకుంటావా?" అన్నాడు ఇబట్సన్, చర్చిలో ఎవడో చుట్ట వెలిగించినట్టు.

"ముల్లు వెండి కంటే మెత్తన. సూదైతే తప్పు."

వెనక బెంచీ నుంచి బొంగురు గొంతు వచ్చింది. "కానివ్వు."

అక్రాయిడ్ ఆ వైపు చూడలేదు. స్పిరిట్ చుక్క వేశాడు, నూరు అంకెలు లెక్కపెట్టాడు. ముల్లు మొనతో గుర్రం పొట్టకీ డ్రాగన్ రెక్కకీ మధ్య గుంటలో మురికిని తాకాడు. ఉన్నిలోంచి గడ్డిగింజ తీసినట్టు, లాగకుండా, అదే రావాలన్నట్టు. మెత్తబడ్డ నల్లటి పెళ్ళ ఒకటి కదిలి, ముల్లు చివర అంటుకుని వచ్చేసింది. దూదితో అద్దాడు. నాణేన్ని కిటికీ వైపు తిప్పాడు.

"రండి. దీపం ఇక్కడికి తేవద్దు."

ముందు పెల్హమ్ వచ్చాడు. భూతద్దం పెట్టి చూశాడు. చాలాసేపు చూశాడు. గుర్రం పొట్ట కింద, గోరంత చోటులో, అప్పుడే చెట్టు నుంచి తెంపిన ద్రాక్ష మీద ఉన్నట్టు బూడిద తెలుపు నూగు. గీత లేదు, గాటు లేదు. డెబ్భై ఆరేళ్ళుగా వేలు తగలని చోటు.

"అద్భుతం," అన్నాడు మెల్లగా.

ఇబట్సన్ కూడా చూశాడు. చూసి, పోట్లాడడానికి ఇంకా ఒక కొమ్మ పట్టుకున్నాడు. "సరే. ప్రూఫే అనుకుందాం. ప్రూఫుని పైపైన తోమారు. గుంటల్లోకి పోకుండా తోమారు. అరిగితే వెండి మందగిస్తుంది గానీ మెరుస్తుందా ఎక్కడైనా?"

"మామూలుది మందగిస్తుంది. ఇది తిరగబడి మెరుస్తుంది. గరుకుది అరిగితే నునుపవుతుంది కదా, అదీ సంగతి." అక్రాయిడ్ ప్యాంటు జేబులో చెయ్యి పెట్టి, తాళంచెవుల గుత్తితో పాటు ఒక ఫ్లోరిన్ పైకి తీశాడు. పచ్చ బనాతు మీద క్రౌను పక్కన పెట్టాడు. "ఇదీ ఆ ఏటిదే, ఇదీ మసక ప్రూఫే. పెట్టెలోంచి తీసి తెచ్చుకున్నప్పుడు నూగు చెక్కు చెదరలేదు. తాళాలతో కలిపి జేబులో వేశా. గుడ్డ ముట్టలేదు, పాలిష్ వాసన తెలియదు. చూడండి దీని బుగ్గ."

రాజు బుగ్గ రెండు నాణేల మీదా ఒకేలా మెరుస్తోంది. పెద్దన్న ముఖం, తమ్ముడి ముఖం.

"ప్రూఫుని జేబులో వేసి అరగదీశావా?" అన్నాడు ఇబట్సన్. ఆయన గొంతులో మొదటిసారి కోపం లేదు. "పిచ్చా నీకు?"

"పుస్తకంలో లేదు మరి. ఎక్కడో ఒకచోట చదవాలి కదా."

పెల్హమ్ నోటుబుక్కు మూసి జేబులో పెట్టుకున్నాడు. నిర్ణయం తీసుకున్న మనిషి మూసినట్టు మూశాడు. "మిస్టర్ అక్రాయిడ్, నేను మీతో ఒక్క నిమిషం..."

"ఆగండి," అన్నాడు లంబ్. బెంచీ మీదినుంచి లేవడానికి ఆయనకి కొంత టైము పట్టింది. ఎవరూ సాయం చెయ్యలేదు, చేస్తే తిట్టేలా ఉన్నాడు. "ఆ పుస్తకం తీసి, 1959 మార్చిలో ఏం రాశారో చదవండి."

ఇబట్సన్ అర్థంకాక నెల్లీని చూశాడు. నెల్లీ, "చదువు నాయనా, చదువుకున్నావుగా," అంది.

పేజీలు వెనక్కి తిరిగాయి. "1902 క్రౌను. మామూలు. పాలిష్ పెట్టారు. ఫైన్. తోక కింద అంచున నొక్కు." ఇబట్సన్ గొంతు తగ్గింది. "సంతకం... ఎస్. అక్రాయిడ్."

పెల్హమ్ చూపు పళ్ళెంలో నొక్కు మీదికీ, అక్కడినుంచి అక్రాయిడ్ ముఖం మీదికీ వెళ్ళింది. వ్యాపారం తెలిసిన మనిషి. తెలివిగా, దయగానే మాట్లాడాడు. "అంచు మీద నొక్కున్న క్రౌన్లు వేలల్లో ఉంటాయి. అదే ఇదని ఎవరు చెప్పగలరు? పైగా అప్పట్లో మురికి ఎక్కువై ఉండచ్చు. ఆ రోజు కనపడినదానికి ఆ రోజు తీర్పు. దాన్నిప్పుడు ముట్టుకోవలసిన అవసరం లేదనుకుంటా."

తప్పించుకోమని తలుపు బార్లా తెరిచి పట్టుకున్నాడు పాపం. అడుగు బయట పెడితే చాలు.

లంబ్ ఆయన్ని పట్టించుకోలేదు. బనాతు మీద ఫ్లోరిన్‌ని నీలిగోరుతో తట్టాడు. "ఏరా, ఇది నీ జేబులో ఎప్పుడు వేశావు?"

"1970లో."

"మెరుపొచ్చిందని ఎప్పుడు తెలిసింది?"

గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకుంటాడంటారు. అక్రాయిడ్ తడుముకోలేదు. ఉత్తరపు వెలుగులో నిలబడ్డవాడు నీడ వెతుక్కోకూడదు. "నాలుగేళ్ళ కింద," అన్నాడు.

"నాలుగేళ్ళు!" ముసలాయన ఇంకో అడుగు ముందుకి వేశాడు. "నా ఇల్లు తెలియదా నీకు? బస్సు మా వీధి చివర ఆగదా? ఇక్కడ నీ పేరు మీద గీత పడుతుందని నాలుగేళ్ళు నా పేరు మీద మసి ఉంచావా?"

"ఉంచాను. ఇది ఈ సంఘంలో మొదటి కొట్టివేత అవుతుందని భయపడ్డా. నాకు చదువు లేదు, ఉన్నదల్లా ఆ శుభ్రమైన పుస్తకమే. అదీ సంగతి. మీరు తిట్టండి, పడతాను."

"తిట్టడానికి ఇంత దూరం రాలేదు. నా కన్ను మూతపడేలోగా అది కొట్టేస్తావా లేదా చూద్దామని వచ్చా."

అక్రాయిడ్ పుస్తకం ముందుకి వచ్చాడు. పెల్హమ్ వైపు ఒక్కసారి చూశాడు. ఆ కుర్చీ ఎలా ఉంటుందో ఊహించుకుని ఉన్నాడు. తోలు కుర్చీ, పెద్ద కిటికీ. ఏ దిక్కుకి పెట్టారో ఏమో. ఇబట్సన్ తన సిరా కలం మూత తీసి అందించాడు. అక్రాయిడ్ నిలబడి, కొలబద్ద లేకుండా, పాత తీర్పు మీద ఒకటే గీత గీశాడు. నలభై ఒక్క ఏళ్ళు ఉన్ని ఏరిన చెయ్యి, ఏది ఏ బుట్టలో వెయ్యాలో తేలాక ఆగే అలవాటు దానికి లేదు.

"కొట్టేశాను," అన్నాడు గట్టిగా. "తోమలేదు. లంబ్ గారు చెప్పిందీ నిజం, వాళ్ళ నాన్న చెప్పిందీ నిజం. తప్పుగా చూసింది నేను."

సిరా ఇంకా ఆరలేదు. లంబ్ వంగి ఆ గీతని ముక్కు తగిలేంత దగ్గరగా చూశాడు, నాణేన్ని చూసినట్టే.

"ఇప్పుడు కొత్తది రాయి."

అక్రాయిడ్ రాస్తూ పైకి చదివాడు. "1902 క్రౌను. మసక ప్రూఫు. జేబులో అరిగింది, తోమలేదు. ఫైన్."

"ఫైనా?" ముసలాయన నిటారుగా అయ్యాడు. "అప్పుడూ ఫైనే, ఇప్పుడూ ఫైనేనా? వెరీ ఫైన్ రాయరా. ప్రూఫని నువ్వే ఒప్పుకున్నావుగా."

"ప్రూఫు అనేది పుట్టుక. గ్రేడు అనేది బతుకు. పుట్టుక నేను తప్పు చెప్పాను, దిద్దాను. బతుకు మీరు అరగదీశారు, దానికి నేనేం చెయ్యను? వెరీ ఫైన్ అంటే చెవి మీద జుట్టు కనపడాలి. జుట్టేదీ?"

"నీ నెత్తి మీది జుట్టు ఎక్కడికి పోయిందో అక్కడికే పోయింది!"

గది ఒక్కసారిగా నవ్వుతో పగిలింది. నెల్లీ నవ్వుతూ బాయిలర్ పట్టుకోబోయి చెయ్యి కాల్చుకుంది. అక్రాయిడ్ బట్టతల తడుముకుని తనూ నవ్వాడు. గ్రేడు మాత్రం మార్చలేదు. జాలిపడి ఒక్క వెంట్రుక ఎక్కువ రాస్తే, పైన కొట్టిన గీతకి విలువ పోతుందని తెలుసు. లంబ్‌కి కూడా తెలుసేమో, ఇంక బేరమాడలేదు.

పెల్హమ్ గ్లవ్స్ తొడుక్కుంటూ అక్రాయిడ్ దగ్గరికి వచ్చాడు. "నా వ్యాపారం ఎలాంటిదంటే, మిస్టర్ అక్రాయిడ్, కొనేవాళ్ళు నాణేన్ని కాదు, కింద సంతకాన్ని చూసి కొంటారు. సంతకం మీద గీత పడిందని నలుగురికీ తెలిస్తే... మీ కన్ను అద్భుతం. అందులో సందేహం లేదు. కానీ..."

"కానీ తప్పు ఒప్పుకోనివాడు కావాలి మీకు. సర్లెండి." అక్రాయిడ్ కలం మూత పెట్టి ఇబట్సన్‌కి తిరిగి ఇచ్చాడు. "ఈయన్ని తీసుకెళ్ళండి. ఇంతవరకూ ఒక్కటీ ఒప్పుకోలేదు."

ఇబట్సన్ చెవులు ఎర్రబడ్డాయి. పెల్హమ్ లీడ్స్ కుర్చీ ఆయనకే ఖాయం చేసి వెళ్ళాక, ఇబట్సన్ అక్రాయిడ్ దగ్గరికి వచ్చాడు. "సేత్, ఆ ముళ్ళు... ఏ రకం గులాబీవి?"

"మీ గుమ్మం పక్కన ఎర్రగులాబీ ఉందిగా. పోయిన జూన్‌లో మీరు లేనప్పుడు కోసుకున్నా." పొగాకు డబ్బాలోంచి రెండు తీసి ఆయన చేతిలో పెట్టాడు. "లాగకండి. మెత్తబడితే మురికే వస్తుంది. సందేహం వస్తే శనివారం తీసుకురండి, చూసి చెబుతా. కేటలాగులో నా పేరు అక్కర్లేదు. తప్పు ఉంటే మాత్రం పేజీ మడిచి తిప్పి పంపుతా."

ఇబట్సన్ కాదనలేదు. ముళ్ళని జేబురుమాలులో చుట్టుకున్నాడు.

లంబ్ బనాతు మీది నాణేన్ని చేతిలోకి తీసుకున్నాడు. గుర్రం పొట్ట కింద ఒకసారి చూసుకున్నాడు. చూసి, తాళంచెవులు గలగలలాడుతున్న కోటు జేబులో టప్పున పడేశాడు.

"అయ్యో! తాళాలతోనా!" అని ఆరుగురు ఒక్కసారే అరిచారు. నెల్లీ పేపరు కవరు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. "ఇందులో పెట్టుకో పెద్దాయనా, ప్రూఫు అది!"

"ఇవాళ మధ్యాహ్నం దాకా కాదుగా," అన్నాడు లంబ్. "మా నాన్న జేబులో ఇరవై మూడేళ్ళు, నా జేబులో యాభై మూడేళ్ళు. ఇప్పుడు కవరులో పెడితే ఊపిరాడక చస్తుంది." టోపీ సరిచేసుకుని తలుపు దగ్గర ఆగాడు. అక్రాయిడ్‌కి చెయ్యి ఇవ్వలేదు. "మంగళవారం సారా కొట్టుకి రా. అందరూ ఉన్నప్పుడు ఇదే మాట అక్కడ కూడా నిలబడి చెప్పు. ఇక్కడ చెబితే సగమే."

"వస్తాను."

"నా బీరుకి డబ్బు నేనే ఇచ్చుకుంటా. నీది నువ్వు తాగు."

"అలాగే."

ముసలాయన మెట్లు దిగుతుంటే జేబులో నాణెం తాళాలకి కొట్టుకుంటున్న చప్పుడు కింది వీధి దాకా వినపడింది. అక్రాయిడ్ ఆ చప్పుడు ఆగేదాకా విన్నాడు. తర్వాత ఇబట్సన్ బల్ల మీది కలం మళ్ళీ తీసుకుని, తన తీర్పు చివర, సంతకానికి ముందు మిగిలిన కొంచెం చోటులో, చిన్న అక్షరాలతో ఒక మాట కలిపాడు. "ఇది 1978 మే ఆరో తారీకు, మధ్యాహ్నం మూడున్నర నాటి గ్రేడు. రేపటికి తగ్గుతుంది."